ఆసుపత్రి మంచం మీది కాగితపు కొంగ

2016 మే 27న అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా జపాన్‌లోని హిరోషిమా నగరానికి వెళ్ళారు. అణుబాంబు వేసిన దేశపు అధ్యక్షుడు, పదవిలో ఉండగా ఆ నగరంలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఆయన క్షమాపణ చెబుతారా, చెప్పరా అని లోకమంతా ఎదురుచూసింది. చెప్పలేదు. అయితే శాంతి స్మారక మ్యూజియంలో తన వెంట తెచ్చిన నాలుగు కాగితపు కొంగలను బయటకు తీశారు. ప్లమ్ పూలు, చెర్రీ పూలు అచ్చువేసిన జపనీయ కాగితంతో, కొద్దిపాటి సాయం తీసుకుని, ఆయన స్వయంగా మడిచిన కొంగలవి. రెండింటిని తనకు స్వాగతం పలికిన ఇద్దరు బడిపిల్లల చేతుల్లో పెట్టారు. మిగిలిన రెండింటిని సందర్శకుల పుస్తకంలో తాను రాసిన మాటల పక్కన ఉంచారు.

ప్రయాణికుడు కాగితపు కొంగను కానుకగా పట్టుకువెళ్ళే ఈ ఆచారం ఇప్పుడు ప్రపంచమంతటా కనిపిస్తుంది. శాంతిని కోరుతూ కొందరు, ఆతిథ్యానికి కృతజ్ఞతగా కొందరు వాటిని ఇచ్చి వస్తుంటారు. దీని మూలాన్ని వెతుకుతూ వెళితే మనం చివరకు చేరేది ఒక ఆసుపత్రి వార్డుకు. అందుకే ఆరోగ్య విషయాలు రాసుకునే ఈ చోట దీన్ని ప్రస్తావిస్తున్నాను.

ముందుగా మాట గురించి ఒక మాట. తెలుగులో కొంగ అనగానే చెరువు గట్టున ఒంటికాలిపై నిలబడి చేపకోసం కాచుకున్న పక్షి, దానితోపాటు 'కొంగజపం' గుర్తుకు వస్తాయి. జపాన్ వారి పక్షి అది కాదు. వారు 'త్సురు' అనేది మన సారస పక్షికి దగ్గరి చుట్టం. తెల్లని దేహం, నల్లని మెడ, నడినెత్తిన ఎర్రని మచ్చ. వాల్మీకి శోకానికి కారణమైన క్రౌంచం సారసమేనని చెప్పే పండితులు మనకూ ఉన్నారు. అయినా పత్రికలన్నీ 'కాగితపు కొంగ' అనే రాస్తున్నాయి కనుక నేనూ ఆ మాటనే వాడుతున్నాను.

ఈ పక్షి వెయ్యేళ్ళు బతుకుతుందని జపనీయుల నానుడి. వెయ్యేళ్ళ ఆయుష్షుకు గుర్తుగా వెయ్యి కొంగలను మడిచి దారాలకు గుచ్చితే అది 'సెన్‌బజురు' అవుతుంది. సాధారణంగా దారానికి 40 చొప్పున 25 దారాలు. కాగితపు కొంగల మీద 1797లోనే క్యోటోలో ఒక పుస్తకం అచ్చయింది. కువానా పట్టణంలోని ఒక ఆలయానికి చెందిన బౌద్ధ సన్యాసి కల్పించిన 49 నమూనాలు అందులో ఉన్నాయి. ఒకే కాగితాన్ని అక్కడక్కడ కత్తిరించి, ముక్కులూ రెక్కలూ అంటుకుని ఉండే కొంగల గుంపుగా మడవడం ఆ నమూనాల విశేషం.

వ్యాధిగ్రస్తులను పరామర్శించడానికి వెళ్ళేటప్పుడు ఈ కొంగల దండ తీసుకుపోవడం జపాన్‌లో మర్యాద. కుండీలోని మొక్కను మాత్రం తీసుకుపోరు. వేరు పట్టడానికీ మంచం పట్టడానికీ వారి భాషలో ఒకే ఉచ్చారణ గల మాటలున్నాయి. రోగి మంచానికి అతుక్కుపోతాడేమోనని వారికి శంక.

ఇక హిరోషిమా. 1945 ఆగస్టు 6 ఉదయం 8.15 గంటలకు ఆ నగరంపై సుమారు 600 మీటర్ల ఎత్తున అణుబాంబు పేలింది. ఆ ఏడాది చివరికి మరణించినవారు సుమారు లక్షా నలభై వేల మంది అని నగర పాలకుల అంచనా. పేలుడు కేంద్రానికి సుమారు 1.6 కిలోమీటర్ల దూరంలో ఒక క్షురకుని కుటుంబం కాపురం ఉండేది. వారి కూతురు సడాకో ససాకికి అప్పటికి రెండేళ్ళు. ఒంటిపై చిన్న గాయమైనా కాలేదు. తల్లి ఆమెనూ, అన్న మసహిరోనూ తీసుకుని నది వైపు పరుగెత్తింది. దారిలో నల్లని వాన కురిసింది. బాంబు లేపిన మసి, ధూళి, రేడియోధార్మిక పదార్థాలు కలిసిన వాన అది. ఇంటికి వెనుదిరిగిన నాయనమ్మ మళ్ళీ కనిపించలేదు.

తరువాత తొమ్మిదేళ్ళు ఆ పిల్ల అందరి పిల్లల్లాగానే పెరిగింది. నోబొరిచో ప్రాథమిక పాఠశాలలో పరుగు పందేల్లో ముందుండేది. 1954 శరదృతువులో తరగతి రిలే పందెంలో పాల్గొని గెలిచింది కూడా. ఆ నవంబరులో మెడ మీద, చెవుల వెనుక బిళ్ళలు కట్టాయి. జనవరిలో కాళ్ళపై ఊదారంగు మచ్చలు వచ్చాయి. 1955 ఫిబ్రవరిలో హిరోషిమా రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో చేర్చారు. లుకేమియా అని తేలింది. ఏడాదికి మించి బతకదని వైద్యులు తండ్రికి చెప్పారు.

వైద్య విద్యార్థికి ఈ క్రమం పాఠ్యపుస్తకంలోని పుటలా కనిపిస్తుంది. ఎముకల మజ్జలో పరిపక్వం కాని తెల్లకణాలు అదుపు తప్పి పెరుగుతాయి. తక్కిన కణాలకు చోటు మిగలదు. ఎర్రకణాలు తగ్గి పిల్లలు పాలిపోతారు, ఆడలేక కూలబడతారు. ప్లేట్‌లెట్లు తగ్గి చర్మం కింద చిన్న చిన్న రక్తపు మచ్చలు వస్తాయి, చిగుళ్ళ నుండి నెత్తురు కారుతుంది. పనికివచ్చే తెల్లకణాలు లేక జ్వరం వదలదు. లింఫ్ గ్రంథులు ఉబ్బుతాయి, కాళ్ళ ఎముకలు నొప్పిపెడతాయి. పిల్లల మెడలో బిళ్ళ కనబడగానే తల్లిదండ్రులు బెంబేలెత్తనవసరం లేదు. వాటిలో చాలా భాగం గొంతులోనో పళ్ళలోనో చెవిలోనో చేరిన ఇన్ఫెక్షన్ వల్ల వచ్చేవే. బిళ్ళతోపాటు పాలిపోవడం, మచ్చలు, తగ్గని జ్వరం కలిసినప్పుడు మాత్రం ఆలస్యం చేయకూడదు. మొదటి అడుగు చాలా చౌకైన పరీక్ష: రక్తకణాల లెక్క, సూక్ష్మదర్శిని కింద రక్తపు పూత.

ఆ రెడ్‌క్రాస్ ఆసుపత్రికి ఈ కథలో ఇంకొక సంబంధం ఉంది. బాంబు పడడానికి కొద్ది రోజుల ముందే ఫుమియో షిగెటో అనే వైద్యుడు అక్కడ ఉప అధిపతిగా చేరారు. పేలుడు తరువాత ఆసుపత్రిలో దాచి ఉంచిన ఎక్స్‌రే ఫిల్ములు వాడకుండానే నల్లబడి ఉండటం చూసి, ఇది మామూలు బాంబు కాదని, రేడియేషన్ విడుదలైందని ఆయన గ్రహించారు. తరువాతి సంవత్సరాలలో ఆ నగరపు వైద్యులకు లుకేమియా రోగులు అసాధారణంగా ఎక్కువమంది కనబడసాగారు. అమెరికా వైద్యులతో కలిసి టకుసో యమవాకి అనే స్థానిక వైద్యుడు ఈ పెరుగుదలను 1952లో వెలువడిన పరిశోధన పత్రంలో లెక్కలతో చూపారు. బాంబు తరువాత ఆరు నుండి ఎనిమిదేళ్ళ మధ్య లుకేమియా ఎక్కువగా బయటపడిందని, చిన్న వయసులో రేడియేషన్‌కు గురైనవారికి ముప్పు అధికమని తదుపరి అధ్యయనాలు తేల్చాయి. ఒక రోగిని చూపించి 'ఈమె వ్యాధికి ఇదే కారణం' అని నూటికి నూరుపాళ్ళు రుజువు చేయడం ఏ వైద్యునికీ సాధ్యం కాదు. వేలమందిని కలిపి చూసినప్పుడు మాత్రం సందేహానికి చోటు లేదు.

బాధితులను పరీక్షించడానికి అమెరికా స్థాపించిన కమిషన్ ఒకటి అక్కడ ఉండేది. అది పరీక్షలు చేసేది, చికిత్స చేసేది కాదు. తమను ప్రయోగశాల జంతువులుగా చూస్తున్నారని బాధితులు వాపోయారు. ఆ కోపంలో న్యాయం ఉంది. 1975లో దాని స్థానంలో రెండు దేశాలు కలిసి నడిపే సంస్థ వచ్చింది.

1955 ఆగస్టులో నగోయా నగరపు ఉన్నత పాఠశాల విద్యార్థినులు హిరోషిమా రోగులకు కాగితపు కొంగల దండలు పంపారు. సడాకో ఉన్న వార్డుకూ అవి చేరాయి. ఈ కథలో ప్రయాణం చేసిన మొదటి కొంగలు అవే అనుకోవచ్చు. ముక్కు మొహం తెలియని పిల్లలు వేరే ఊరి నుండి పంపినవి. వాటిని చూసి సడాకో, ఆమె గదిలోనే చికిత్స పొందుతున్న మరొక బాలిక తామూ మడవడం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లో కాగితం కరువు. పండ్ల బుట్టలకూ కానుకలకూ చుట్టి వచ్చిన కాగితాలు, పొడిమందు పొట్లాల కాగితాలు దాచుకునేది. మన పాత ఆసుపత్రుల్లో కాంపౌండరు పొడిమందు తూచి, చదరపు కాగితంలో పోసి, మడిచి ఇచ్చిన పొట్లాలు నా వయసువారికి గుర్తుండే ఉంటాయి. సరిగ్గా అలాంటి కాగితమే. చదరంగా ఉంటుంది కనుక కొంగ మడవడానికి అక్కరకు వస్తుంది. రోజులు గడిచేకొద్దీ ఆమె కొంగలు చిన్నవయ్యాయి. చివరికి సూదిమొనతో మడతలు నొక్కి, బియ్యపు గింజంత కొంగలను కూడా చేసింది. వాటిలో కొన్ని నేటికీ హిరోషిమా మ్యూజియంలో ఉన్నాయి.

వైద్యునిగా నన్ను కొంగలకంటే ఎక్కువ కలచివేసేది మరొక కాగితం. సడాకోకు వ్యాధి పేరు ఎవరూ చెప్పలేదు. ఆమె మాత్రం తన రక్తపరీక్షల ఫలితాలను రహస్యంగా ఒక కాగితం మీద ఎక్కించుకుంటూ వచ్చింది. తెల్లకణాలు ఎన్ని, ఎర్రకణాలు ఎన్ని, హిమోగ్లోబిన్ ఎంత. ఆమె పోయిన తరువాత ఆ కాగితం బయటపడింది. పెద్దలందరూ దాచామనుకున్నారు; పన్నెండేళ్ళ పిల్ల అంకెలు చదువుకుంటూనే ఉంది.

'పాపకు చెప్పకండి డాక్టరుగారూ' అని గది బయట చేతులు పట్టుకునే తల్లిదండ్రులను మన ఆసుపత్రుల్లో ప్రతి వైద్యుడూ చూసి ఉంటాడు. వారి బాధ అర్థం చేసుకోదగినదే. కానీ పిల్లలకు ముఖాలు చదవడం వచ్చు. తల్లి కొంగుతో కళ్ళొత్తుకుని లోపలికి రావడం, నర్సు గొంతు తగ్గించడం వారు గమనిస్తూనే ఉంటారు. చెప్పకపోతే భయం పోదు, ఆ భయంతో పిల్ల ఒంటరిగా మిగిలిపోతుంది. వయసుకు తగిన మాటలతో, అడిగినంత మేరకు, అబద్ధం లేకుండా చెప్పడమే మేలని నేటి పిల్లల వైద్యం అంగీకరిస్తోంది. నా అభిప్రాయమూ అదే.

అక్టోబరు 25న సడాకో కన్నుమూసింది. చివరి ఉదయాన టీ పోసిన అన్నం రెండు ముద్దలు తిని, రుచిగా ఉందని చెప్పిందని కుటుంబసభ్యులు జ్ఞాపకం చేసుకున్నారు.

ఇక్కడ ఒక పొరపాటును సరిదిద్దాలి. వెయ్యి కొంగలు మడిస్తే కోరిక తీరుతుందని నమ్మి ఆమె మొదలుపెట్టిందని, 644 మడిచేసరికి మరణించిందని, మిగిలినవి స్నేహితులు పూర్తిచేసి ఆమెతోపాటు సమాధి చేశారని చాలామంది చదివి ఉంటారు. ఎలినార్ కోయర్ అనే రచయిత్రి 1977లో పిల్లలకోసం రాసిన పుస్తకంలోని కథ అది. ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. కుటుంబమూ, హిరోషిమా మ్యూజియమూ చెప్పేది వేరు. ఆగస్టు ముగిసేలోపే సడాకో వెయ్యి పూర్తిచేసింది, ఆ తరువాత కూడా మడుస్తూనే ఉంది.

చిన్న తేడాలా కనిపిస్తుంది గాని, కాదు. 644 దగ్గర ఆగిన కథలో 'ఇంకో 356 మడిచి ఉంటే బతికేదేమో' అన్న ఆశకు సందు ఉంది. జరిగిన కథలో ఆ సందు లేదు. వెయ్యీ పూర్తయ్యాయి, తెల్లకణాలు పెరుగుతూనే ఉన్నాయి, అది తెలిసి కూడా ఆ పిల్ల మరో కాగితం అందుకుంది. మొక్కు తీరలేదని వైద్యం మానేసేవారినీ, మొక్కు ఉంది కదా అని వైద్యానికి రానివారినీ చూసిన నాకు, రెండవ కథే ఎక్కువ గౌరవప్రదంగా తోస్తుంది. కొంగ మందు కాదు. ఆమె దాన్ని మందుగా మాత్రమే చూసి ఉంటే వెయ్యి దగ్గర ఆపేసేది.

మందు మరోచోట తయారవుతోంది. ఆ సంగతి తెలుగువారు తెలుసుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1923లో అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు గారు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించారు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన ఆయన బృందమే, దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను కూడా తయారుచేసింది. విభజన చెందే కణానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. దాన్ని అందకుండా చేస్తే క్యాన్సర్ కణం చతికిలబడుతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ మందును లుకేమియా వచ్చిన 16 మంది పిల్లలకు ఇచ్చి చూశారు. పదిమందిలో వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ ఫలితం వెలువడింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు మరణించారు. గోదావరి జిల్లాల్లో బోదకాలుకు మేము చేతుల మీదుగా పంచిన డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన బృందం కనుగొన్నదే.

1955 నాటికి ఇలాంటి మందులు కొన్ని నెలలు ఊపిరి పోయగలిగేవి, అంతే. అనేక మందులను కలిపి, మెదడులో దాగిన కణాలను కూడా వెంటాడే పద్ధతి 1960లలో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ బృందం రూపొందించింది. ఆ ఆసుపత్రి తెరిచింది 1962లో, సడాకో పోయిన ఏడేళ్ళకు. ఈనాడు పిల్లలలో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ లుకేమియా నుండి సంపన్న దేశాల్లో పదిమందిలో తొమ్మిదిమంది బయటపడుతున్నారు. అమినోప్టెరిన్‌కు చెల్లెలివంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఆ చికిత్సలో భాగం. మన దేశంలో ఫలితాలు అంత బాగా లేకపోవడానికి ఆలస్యంగా రావడం, ఖర్చుకు భయపడి నడుమనే మానేయడం ముఖ్య కారణాలు. రెండేళ్ళకు పైగా సాగే చికిత్స అది. జ్వరం తగ్గి, పిల్లవాడు ఆడుకుంటున్నాడని మానివేస్తే వ్యాధి తిరిగి వస్తుంది.

మళ్ళీ కొంగల దగ్గరకు వద్దాం. సడాకో సహవిద్యార్థులు బాంబు వల్ల చనిపోయిన పిల్లలందరికీ స్మారకం కట్టాలని చందాలు మొదలుపెట్టారు. జపాన్‌లో 3,100కు పైగా పాఠశాలలు, మరో తొమ్మిది దేశాలవారు సాయం పంపారు. 1958 మే 5న, అక్కడి బాలల దినోత్సవం నాడు, హిరోషిమా శాంతి ఉద్యానంలో తొమ్మిది మీటర్ల ఎత్తైన స్మారకం ఆవిష్కృతమైంది. శిఖరాన బంగారు వన్నె కొంగను రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్న బాలిక. కింద వేలాడే గంటను ఇచ్చినవారు నోబెల్ పొందిన భౌతిక శాస్త్రవేత్త హిడెకి యుకావా. పరమాణు కేంద్రకాన్ని శోధించిన మనిషే ఆ గంటను ఇవ్వడం గమనించదగ్గది. యాత్రికులు తెచ్చినవి, పోస్టులో పంపినవి కలిపి ఏటా సుమారు కోటి కొంగలు, పది టన్నుల బరువు, అక్కడికి చేరుతున్నాయి. ఒకప్పుడు ఆరుబయట వేలాడదీసేవారు. 2003లో ఎవరో నిప్పుపెట్టడంతో చాలా కాలిపోయాయి. ఇప్పుడు అద్దాల అరల్లో ఉంచి, తరువాత వాటితో కొత్త కాగితం తయారుచేయిస్తున్నారు.

హిరోషిమాకు వెళ్ళిన కొంగలకంటే, హిరోషిమా నుండి బయలుదేరిన కొంగలు నాకు ముఖ్యమనిపిస్తాయి. అన్న మసహిరో తన దగ్గర మిగిలిన, సడాకో స్వహస్తాలతో మడిచిన కొద్దిపాటి కొంగలను ఒక్కొక్కటిగా లోకానికి ఇచ్చివేశారు. ఒకటి న్యూయార్క్‌లో 2001 సెప్టెంబరు 11 మృతుల స్మృతి కేంద్రానికి. మరొకటి పెర్ల్ హార్బర్‌కు. జపాన్ బాంబులు వేసి అమెరికన్లను చంపిన చోటది. 2010లో న్యూయార్క్‌లో ఒక చిన్న కొంగ ఒక అమెరికన్ అరచేతిలోకి చేరింది. ఆ అమెరికన్ క్లిఫ్టన్ ట్రూమన్ డేనియల్, బాంబు వేయమని ఉత్తరువిచ్చిన అధ్యక్షుడు ట్రూమన్ మనుమడు. రెండేళ్ళ తరువాత ఆయన హిరోషిమా సంస్మరణ సభకు వెళ్ళారు. 2015లో మరో కొంగ ట్రూమన్ స్మారక గ్రంథాలయానికి చేరింది. ఒబామా నాలుగు కొంగలతో హిరోషిమా వచ్చింది ఆ మరుసటి ఏడాదే. చెల్లెలిని కోల్పోయినవాడు ముందుగా చేయి చాపాడు. అవతలివారు తరువాత వచ్చారు. ఈ వరుసను మరచిపోకూడదు.

సామాన్య ప్రయాణికుల సంగతి ఇంత బరువైనది కాదు. జపాన్‌లో హోటలు పనివారికి టిప్పు ఇచ్చే అలవాటు లేదు, ఇస్తే వారు ఇబ్బందిపడతారు. కొందరు భోజనం ముగించి, పుల్లలు చుట్టి వచ్చిన కాగితాన్ని కొంగగానో మరో ఆకారంగానో మడిచి బల్లమీద వదిలివెళతారు. యూకీ తత్సుమి అనే కళాకారుడు ఇలా వదిలిన కాగితాలను దేశమంతటి భోజనశాలల నుండి వేలసంఖ్యలో సేకరించి ప్రదర్శించారు. అయితే మంచి ఉద్దేశమైనా సమయం చూసుకోవాలి. భూకంపాలు వచ్చిన చోటికి పెట్టెలకొద్దీ కొంగలు పంపడం తగునా అన్న వాదన జపాన్‌లోనే జరిగింది. తాగునీరు లేనివాడికి వెయ్యి కొంగలు భారమే. ముందు నీరు, మందులు, కప్పుకోను దుప్పటి.

ఆసుపత్రిలో మాత్రం వాటికి ఇప్పటికీ చోటుంది. రక్త క్యాన్సర్ వార్డుల్లో తాజా పువ్వులనూ మొక్కలనూ సాధారణంగా రానివ్వరు. కుండీ నీటిలోనూ మట్టిలోనూ ఉండే క్రిములను తట్టుకునే శక్తి ఆ రోగులకు ఉండదు. శుభ్రమైన కొత్త కాగితంతో, చేతులు కడుక్కుని మడిచిన నాలుగైదు కొంగలు చాలు. వెయ్యి అక్కరలేదు, దుమ్ము పడుతుంది. వార్డు నర్సును అడిగి ఇవ్వండి. పిల్లలకు మడవడం నేర్పితే ఇంకా మంచిది, చికిత్స గంటలు కాస్త తేలికగా జరుగుతాయి. నేర్పే ముందు సూదిగొట్టం ఏ చేతికి పెట్టారో చూడండి. ఆ చేతిని దిండు మీద కదలకుండా ఉంచి, కాగితం కదలకుండా మీరు పట్టుకోండి, మడతలు రెండవ చేతితో పిల్లవాణ్ణే వేయనివ్వండి.